ఆమెన్ అన్నవాళ్ళం

కిందటేడు శాంటా క్లారాలో ఉంటున్న మా తమ్ముడు తిమోతి ఇంటికి వెళ్ళినప్పుడు, ఆదివారం నన్ను వాళ్ళ తెలుగు చర్చికి తీసుకెళ్ళాడు. పెద్ద హాలు, గోడంత తెర, గిటార్లు, బయట కార్లకు దారి చూపించే కుర్రాళ్ళు. వాక్యం చెప్పిన ఆయనకు మా పెద్దబ్బాయి వయసుకంటే నాలుగైదేళ్ళు ఎక్కువుంటాయేమో. బాగా చెప్పాడు. చివర్లో నమ్మినవాళ్ళందరినీ గట్టిగా ఆమెన్ అనమన్నాడు. హాలంతా ఒక్క గొంతుతో అంది. నాకు మాత్రం నోరు పెగల్లేదు. ఎప్పటిలాగే కళ్ళు తెరిచి చుట్టూ చూశాను, ఎవరు అంటున్నారు, అనేముందు ఎవరి ముఖం చూస్తున్నారు అని. ఈ అలవాటు నాకు పదేళ్ళ వయసులో పట్టుకుంది. ఇంటికి వస్తుంటే కార్‌లో తిమోతి, ప్రసంగం నచ్చలేదా అక్కా అని అడిగాడు. నచ్చిందనే చెప్పాను, అది అబద్ధం కాదు. అసలు సంగతి జరిగినప్పుడు వాడు అమ్మ ఒళ్ళో నిద్రపోయే పిల్లవాడు. వాడికి తెలిసింది పైపైనే. మిగతాది ఇక్కడ రాస్తున్నాను.

మేము న్యూజెర్సీలో ప్లెయిన్స్‌బరోలో ఉండేవాళ్ళం. అప్పుడప్పుడే కట్టిన అపార్ట్‌మెంట్లు, వాటి వెనక ఇంకా మొక్కజొన్న చేలు. నాన్న ఒక మందుల కంపెనీ ల్యాబ్‌లో పనిచేసేవాడు. అమ్మ హాస్పిటల్లో నర్సు. చుట్టుపక్కల ఊళ్ళలో ఉన్న పదీ పన్నెండు తెలుగు కుటుంబాలం కలిసి ఒక అమెరికన్ చర్చి బేస్‌మెంట్ హాలు అద్దెకు తీసుకుని, వాళ్ళ ఆరాధన అయిపోయాక మధ్యాహ్నం కూడుకునేవాళ్ళం. మా ఇంట్లో ఆదివారం శనివారం సాయంత్రమే మొదలయ్యేది. అమ్మ తెల్లచీర, నాన్న చొక్కా, నా గౌను వరసగా ఇస్త్రీ అయ్యేవి. వేడి గుడ్డ వాసనలో పక్కన గిన్నెలో మసాలా పట్టించిన కోడిమాంసం వాసన కలిసేది. ఆ వాసన ఇప్పుడు ఎక్కడ తగిలినా నాకు మర్నాడు కూడిక ఉన్నట్టే అనిపిస్తుంది. హాలుకు వేరే వాసన. నేలకు రాసిన పాలిష్, అమెరికన్లు తాగి వదిలేసిన కాఫీ, పిల్లల రంగు పెన్సిళ్ళు. మడతకుర్చీలు వేసుకుని, మన ఊళ్ళలో లాగే ఆడవాళ్ళు ఒకవైపు, మగవాళ్ళు ఒకవైపు కూర్చునేవాళ్ళు.

అమ్మ వాక్యం వినే తీరు చెప్పాలి. కొంగు తలమీదుగా కప్పుకుని, కళ్ళు మూసుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. వాళ్ళ నాన్న బాపట్ల దగ్గర ఒక పల్లె చర్చిలో వాక్యం చెప్పే ఉపదేశి. దైవసేవకుడు మాట్లాడుతున్నప్పుడు నేల వాన తాగినట్టు తాగాలి, ఎదురు ప్రశ్న వేయకూడదు అని ఆయన పిల్లలకు నేర్పాడట. అమ్మకు అదే మనసులో ముద్రపడిపోయింది. హాస్పిటల్లో మాత్రం ఆమె పూర్తిగా వేరే మనిషి. మాత్ర ఇచ్చేముందు రోగి చేతికున్న పట్టీ మీద పేరు చదివేది, మళ్ళీ రోగి నోటితో చెప్పించుకునేది. డాక్టర్ రాసింది తేడాగా ఉంటే ఫోన్ చేసి అడిగేది, అందుకు ఒకరిద్దరు డాక్టర్లకు ఆమె మీద కోపం కూడా. ఇంట్లో నాకు జ్వరమొస్తే నాన్న చూసిన థర్మామీటర్ తనూ చూసేది. కానీ ఆదివారం ఆ హాలు గుమ్మం దగ్గర కోటు విప్పి కొక్కేనికి తగిలించేటప్పుడు ఆ అలవాటును కూడా అక్కడే తగిలించి లోపలికి వచ్చేది.

ప్రభుదాస్ అంకుల్, లీల ఆంటీ మా అపార్ట్‌మెంట్లకు కాస్త దూరంలో ఉండేవాళ్ళు. ఆయనది ఒంగోలు వైపు, ఇంజనీరు. మా అమ్మను అక్కా అనేవాడు, ఆ పిలుపులో మొహమాటం ఉండేది కాదు. పాటలు బాగా పాడేవాడు. డోలక్ లేని లోటు మడతకుర్చీ మీద దరువుతో తీర్చేవాడు. ఆయనకు కాలేజీ రోజుల నుంచీ షుగర్. మా ఇంటికి భోజనానికి వస్తే ఆయన ఇన్సులిన్ సీసా మా ఫ్రిజ్‌లో పెరుగు గిన్నె పక్కన ఉండేది. తినేముందు బాత్‌రూమ్‌లోకి వెళ్ళి సూది వేసుకుని, ఇప్పుడు పెట్టక్కా, ఎంత పెట్టినా తింటాను అంటూ వచ్చేవాడు. కొత్తగా పెళ్ళయి వచ్చిన లీల ఆంటీ సూదంటే భయపడితే, అమ్మ మా వంటింట్లో ఆమె చేతికి ఒక నారింజపండు ఇచ్చి దానిమీద సూది వేయడం నేర్పింది. నేను పక్కనే నిలబడి చూశాను. ఇద్దరూ నవ్వుకుంటూనే ఉన్నారు.

ఆ వేసవిలో మన ఊళ్ళ నుంచి ఒక పెద్ద సువార్తికుడు అమెరికా వచ్చాడు. ఆయన్ని అందరూ అయ్యగారు అనే పిలిచేవాళ్ళు. ఊరూరా తిరిగి తెలుగు సహవాసాల్లో వాక్యం చెబుతున్నాడని, మా దగ్గరికీ వస్తున్నాడని తెలిసి నెల ముందునుంచే హడావుడి. ఆ రోజు హాల్లో మేమెప్పుడూ చూడనంత మంది. పదిమంది కుష్ఠురోగుల కథ చెప్పాడాయన. యేసు వాళ్ళను వెళ్ళమన్నాడు, వాళ్ళు బయల్దేరారు, దారిలో వెళ్తుండగా బాగయ్యారు. బాగయ్యాక బయల్దేరలేదు, బయల్దేరాక బాగయ్యారు అని ఆయన అన్నది అందరికీ గుర్తుంది. ఆ తర్వాత ఏమన్నాడన్నదే ఎవరికి వారికి వేరుగా గుర్తుంది. చేతిలో పట్టుకున్నది వదిలితేనే దేవుడు చెయ్యి పట్టుకుంటాడు అన్నాడని అమ్మ అనేది. నమ్మినవాడికి వేరే ఆధారాలెందుకు అన్నాడని లీల ఆంటీ. అలాంటిదేమీ అనలేదు, కృతజ్ఞత గురించి చెప్పాడంతే అని నాన్న. నాకు గుర్తున్నది ఆయన మెడ తుడుచుకున్న తెల్ల రుమాలు, తగ్గి తగ్గి ఒక్కసారిగా లేచిన గొంతు. రోగంతో ఉన్నవాళ్ళు నిలబడండి అంటే కొందరు నిలబడ్డారు, వాళ్ళలో ప్రభుదాస్ అంకుల్ ఉన్నాడు. అయ్యగారు ప్రార్థన చేసి, స్వస్థత పొందామని నమ్మినవాళ్ళు ఆమెన్ అనమన్నాడు. హాలు దద్దరిల్లింది. మర్నాడే ఆయన షికాగో వెళ్ళిపోయాడు.

మంగళవారం సాయంత్రం లీల ఆంటీ ఫోన్ చేసి, ఆయనకు కడుపులో బాగాలేదు, వాంతులవుతున్నాయి అంది. అమ్మ డ్యూటీ నుంచి అప్పుడే వచ్చింది. చారు కాచి డబ్బాలో పోసి, నన్ను వెంటబెట్టుకుని వెళ్ళింది. ప్రభుదాస్ అంకుల్ సోఫాలో ఆనుకుని ఉన్నాడు, పక్కన నీళ్ళ జగ్గు. ఎంత తాగినా దాహం తీరడం లేదన్నాడు. ఊపిరి పెద్దగా, లోతుగా తీస్తున్నాడు. అమ్మ ఆయన ముఖం మీదకు వంగి చప్పున ఆగిపోయింది. గదిలో బాగా మాగిన పండ్ల వాసన. ఆ ఇంట్లో పండ్లు లేవు. ఆ వాసన ఏమిటో నాకు తెలియదు, ఇన్సులిన్ అందకపోతే ఊపిరిలో వచ్చే వాసన అదని అమ్మకు తెలుసు.

"ఇన్సులిన్ ఎప్పుడు మానేశావు?" అంది.

ఆయన నవ్వాడు. "ఆదివారం నుంచీ లేదక్కా. దేవుడు ముట్టాడు. మీరు గూడా అక్కడే ఉన్నారు గదా."

అమ్మ హాస్పిటల్‌కి వెళ్దాం లే అంది. ఆయన తల అడ్డంగా ఊపాడు. ఇది పరీక్ష, ఇప్పుడు వెనక్కి తిరిగితే అబద్ధమాడినట్టే అన్నాడు. అమ్మ మళ్ళీ అడిగింది. లీల ఆంటీ ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూస్తోంది. రోగుల చేత తిట్లు తిని కూడా మందు మింగించే మనిషి మా అమ్మ. ఆ రోజు ఆయన భుజం మీద చెయ్యి వేసి చాలాసేపు అలాగే నిలబడి, నాన్నతో మాట్లాడి వస్తానని నన్ను తీసుకుని ఇంటికి వచ్చేసింది. నాన్న మా సహవాసానికి పెద్ద అయిన ఆనందరావు గారికి ఫోన్ చేశాడు. అతని విశ్వాసాన్ని కదిలించొద్దు, అందరం ఎవరిళ్ళలో వాళ్ళం ప్రార్థనలో ఉందాం, పొద్దున చూద్దాం అన్నారాయన. నాన్న సరేనన్నాడు. అమ్మ మోకాళ్ళ మీదే ఉండిపోయింది. తెల్లవారగానే యూనిఫామ్ వేసుకుని డ్యూటీకి వెళ్తూ దారిలో వాళ్ళింటికి వెళ్ళింది. ప్రభుదాస్ అంకుల్ పిలిస్తే పలకలేదు. అంబులెన్స్‌ను పిలిచింది అమ్మే, ఆయన చేతికి పేరు పట్టీ కట్టేటప్పుడు పక్కన ఉన్నదీ అమ్మే. ఆయన మళ్ళీ కళ్ళు తెరవలేదు. ఆ వారం గడవకముందే పోయాడు.

సమాధి దగ్గర ఆనందరావు గారు, దేవుడు తనకిష్టమైనవాణ్ణి తొందరగా పిలుచుకుంటాడని చెప్పారు. వెనక వరసలో ఎవరో, నమ్మకం ఎక్కడో సడలి ఉంటుంది అని గొణగడం నేను విన్నాను. అయ్యగారికి కబురు పంపుదామంటే, సేవలో ఉన్న మనిషిని బాధపెట్టడం ఎందుకన్నారు.

లీల ఆంటీ కొన్ని వారాలు మా ఇంట్లో, నా గదిలో ఉంది. హ్యూస్టన్‌లో ఉన్న వాళ్ళ చెల్లెలు వచ్చి తీసుకెళ్ళేదాకా. పగలంతా అమ్మ వెనకే తిరుగుతూ ఏదో ఒక పని అందుకునేది. ఒకరోజు ఇద్దరూ సింక్ దగ్గర ఉన్నారు, అమ్మ గిన్నెలు కడుగుతోంది, ఆమె తుడుస్తోంది. నేను బల్ల దగ్గర హోంవర్క్ చేసుకుంటున్నాను. లీల ఆంటీ ఏ కోపమూ లేకుండా, మర్చిపోయిన చిన్న సంగతి గుర్తొచ్చినట్టు చెప్పింది.

"అయ్యగారు ఆమెన్ అనమన్నప్పుడు మా ఆయన వెంటనే అనలేదక్కా. ముందు మీ వైపు చూశారు. మీరన్నారు. తర్వాతే ఆయన అన్నారు."

నీళ్ళు పోతూనే ఉన్నాయి. చివరికి లీల ఆంటీయే చెయ్యి చాపి కుళాయి కట్టింది.

ఆ తర్వాత మా ఇంట్లోకి పండ్లు రావడం మానేశాయి. ఎవరైనా తెచ్చిన ఆపిల్స్ బల్లమీద మాగుతుంటే అమ్మ ఆ గదిలోకి వెళ్ళేది కాదు, నాన్న ఒక్క మాటా అనకుండా వాటిని బయట పడేసి వచ్చేవాడు. కూడికకు మాత్రం ఒక్క ఆదివారం కూడా మానలేదు. తెల్లచీర ఇస్త్రీ అవుతూనే ఉంది. కాకపోతే ఇదివరకులా కళ్ళు మూసుకునేది కాదు. బైబిల్ ఒళ్ళో తెరిచి, చెప్పేవాళ్ళు ఏ వచనం చదివితే అక్కడ వేలు పెట్టి, దాని ముందూ వెనకా చదువుకుంటూ వినేది. ఆమెన్ అనేది కాదు. కొన్ని నెలలపాటు ఇంట్లో ప్రార్థన సమయంలో కూడా అనలేదు. నాన్న ప్రార్థన ముగించి ఆమె కోసం ఆగేవాడు. ఆ మౌనంలో నేనూ తిమోతీ కదలకుండా కూర్చునేవాళ్ళం. ఇంట్లో ఇంకెవరో ఉన్నారనిపించేది నాకు. మడతకుర్చీ మీద ఎవరైనా దరువేస్తే ఇప్పటికీ తల తిప్పి చూస్తాను.

ఒక సాయంత్రం ఆ పదిమంది కుష్ఠురోగుల కథ తీయమని అమ్మే నాన్నను అడిగింది. నాన్నకు ఇష్టం లేకపోయినా చదివాడు. అమ్మ మధ్యలో ఆపి, ఆ మాట మళ్ళీ చదవండి అంది. వెళ్ళి యాజకులకు మిమ్మల్ని కనపరచుకోండి అని ఉన్నచోట. ఆ రోజుల్లో రోగం పోయిందో లేదో చూసి చెప్పేది యాజకులే కదా అని అడిగింది. నాన్న అవునన్నాడు.

"అంటే చూపించుకోమన్నాడండీ," అంది అమ్మ. "చిన్నప్పటి నుంచీ వింటున్నాను ఈ కథ. ఒక్కసారి కూడా వినలేదు."

నాన్న బైబిల్ మూసేశాడు. అప్పటిదాకా అయ్యగారు ఏమన్నాడు ఏమనలేదు అని ఇద్దరికీ వాదన జరిగేది. ఆ రోజుతో అది ఆగిపోయింది.

అప్పట్నుంచి కూడిక అయ్యాక టీ పోసే పని అమ్మ తీసుకుంది. కప్పు చేతికిచ్చేముందు ఒక్కొక్కరినీ అడిగేది: ఇవాళ ఏం విన్నారు, దాని గురించి రేపు ఏం చేద్దామనుకుంటున్నారు. మొదట్లో అందరూ నవ్వారు. వాక్యం బాగుందమ్మా అంటే ఊరుకునేది కాదు, ఏం బాగుందో చెప్పమనేది. పొరుగువాడి గురించి వాక్యమైతే ఆ పొరుగువాడి పేరు అడిగేది. ఉపవాసం గురించి అయితే, మీరు ఏ మందులు వాడుతున్నారు, ఉపవాసం ఉండొచ్చా అని మీ డాక్టర్‌ని అడిగారా అనేది. టీ తాగకుండానే వెళ్ళిపోయేవాళ్ళు కొందరు తయారయ్యారు. ఆనందరావు గారు ఇంటికి వచ్చి, సేవకుణ్ణి పరీక్షించడం మంచిది కాదమ్మా అని నెమ్మదిగా చెప్పారు. పౌలంతటివాడు చెప్పినా, అది నిజమో కాదో అని బెరయ ఊరివాళ్ళు రోజూ లేఖనాలు తిరగేశారు కదండీ, వాళ్ళను గొప్పవాళ్ళనే బైబిల్లో రాశారు అంది అమ్మ. ఆయన కాఫీ తాగి వెళ్ళిపోయారు. ఇప్పుడు నా ఫోన్‌లో రోజుకు ఎన్ని ప్రసంగాలైనా వస్తాయి. నడుస్తూ వింటాను, వంట చేస్తూ వింటాను, నచ్చకపోతే మార్చేస్తాను. ఏం విన్నావని అడిగేవాళ్ళు లేరు. నేను ఎవరి ముఖం చూసి నమ్ముతున్నానో, నా ముఖం చూసి ఎవరు నమ్ముతున్నారో తెలుసుకునే దారీ లేదు. అమ్మ టీ బల్లను తప్పించుకుని పక్కదారిన పోయినవాళ్ళలో నేనూ ఒకదాన్ని, పెరిగే వయసులో సిగ్గుపడి. ఆ ప్రశ్న ఇప్పుడు వినాలనిపిస్తుంది.

నేను హైస్కూల్లో ఉండగా అయ్యగారు మళ్ళీ వచ్చాడు. జుట్టు నెరిసింది, నడక నెమ్మదించింది. కూడికకు ముందు ఆయనకు హాలు పక్క వంటగదిలో భోజనం పెట్టారు. అమ్మ వడ్డించింది, నేను సాయం చేస్తున్నాను. తినడం మొదలుపెట్టేముందు ఆయన జేబులోంచి చిన్న డబ్బా తీసి ఒక మాత్ర చేతిలో వేసుకుని, నీళ్ళివ్వమ్మా అన్నాడు. అమ్మ గ్లాసు ఇచ్చింది. దేనికండీ అని అడిగింది. షుగర్ అన్నాడు. ఎప్పటినుంచి అంటే, చాలా ఏళ్ళయిందమ్మా, మీ దగ్గరికి మొదటిసారి వచ్చినప్పుడూ వాడుతున్నాను అన్నాడు.

అమ్మ ఆయనకు ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది. ప్రభుదాస్ అంకుల్ పేరు చెప్పింది. ఆయనకు గుర్తులేదు. ఏ ఊరివాడమ్మా అన్నాడు. అమ్మ జరిగిందంతా చెప్పింది, హాస్పిటల్లో షిఫ్ట్ మారేటప్పుడు తర్వాతి నర్సుకు చెప్పినట్టు, ఏదీ ఎక్కువ చేయకుండా. ఆయన అన్నం కలిపిన చెయ్యి పళ్ళెంలోనే ఉండిపోయింది. నాకెవరూ చెప్పలేదమ్మా అన్నాడు. మళ్ళీ తనే అన్నాడు, "మందులు మానమని నేననలేదు తల్లీ. నేనే వాడుతున్నాను గదా, ఎలా అంటాను?"

"అనలేదేమోనండీ," అంది అమ్మ. "మీరు వాడుతున్న సంగతి కూడా చెప్పలేదు. నేను నర్సుని, నేనూ ఏమీ చెప్పలేదు."

ఆయన చెయ్యి కడుక్కున్నాడు. ఆ మధ్యాహ్నం వాక్యం మామూలుగానే చెప్పాడు, గొంతు మాత్రం లేవలేదు. చివర్లో రోగంతో ఉన్నవాళ్ళు నిలబడండి అన్నాడు. కొందరు లేచారు. వాళ్ళతోపాటు అమ్మ లేచింది. ఆమెకు ఏ రోగమూ లేదని అందరికీ తెలుసు. అయ్యగారూ, మందుల సంగతి చెప్పి ప్రార్థన చేయండి అంది. మగవాళ్ళ వైపు నుంచి ఎవరో కూర్చోమన్నారు. కూర్చోలేదు. ఆయన కాసేపు బల్లమీది బైబిల్ వైపు చూసి, మీరు వాడుతున్న మందులు డాక్టర్ చెప్పకుండా ఆపొద్దు, నేనూ మాత్రలు వేసుకుంటున్నాను, ఇవాళ కూడా వేసుకున్నాను అన్నాడు. తర్వాత ప్రార్థన చేశాడు. ఆమెన్ అనమని అడగలేదు. అన్నవాళ్ళు అన్నారు.

ఇంటికి వచ్చి బట్టలు మార్చుకునేలోగానే ఆనందరావు గారి ఫోన్. నాన్న ఎత్తాడు. అవతలి మాటలు నాకు వినిపించలేదు గానీ, ఆ గొంతు చాలాసేపు సాగింది. నాన్న ఊఁ కొడుతూ నిలబడ్డాడు. ఆయన పెద్దల మాటకు ఎదురు చెప్పడం మేమెప్పుడూ చూడలేదు. చివరికి అన్నాడు: "లేదు అన్నయ్యా, ఆవిడ అల్లరి చేయలేదు. వాక్యం వింది."

ఫోన్ పెట్టేసి మా వైపు చూడకుండా వెళ్ళి కుర్చీలో కూర్చున్నాడు. అమ్మ లేచి హ్యూస్టన్‌కి ఫోన్ కలిపింది. లీల ఆంటీ అప్పటికి అక్కడ ఉద్యోగం చేసుకుంటోంది. ఒంట్లో ఎలా ఉంది, చెల్లెలి పిల్లలు బాగున్నారా, అక్కడ ఎండలు తగ్గాయా అని మాట్లాడింది. అయ్యగారు వచ్చిన సంగతి చెప్పింది. మందులు మానొద్దని అందరిముందూ చెప్పాడని చెప్పింది. అవతల లీల ఆంటీ ఏడ్చినట్టుంది, అమ్మ ఫోన్ రెండో చెవికి మార్చుకుంది. మాట్లాడటం అయిపోయాక నాన్న, అయ్యగారికి అప్పటికే షుగర్ ఉందని దారిలో నాతో అన్నావే, అది చెప్పావా అని అడిగాడు.

"చెప్పలేదండీ," అంది అమ్మ. "ఆ ఒక్కటీ నా దగ్గరే ఉండనివ్వండి."